గుండె పురుగు గడి

మా కుక్కకు ఒక కార్డు ఉంది. నీలం అట్ట, నాలుగు మడతలు. దాన్ని రాసేది నేనే. నేను కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే మామగారు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు. చదువుకున్నదానివి, ఇక ఇది నీదేనన్నారు. అప్పటికి అందులో రెండు వరుసలే ఉన్నాయి, అవి కూడా ఆసుపత్రిలో ఎవరో గిలికినవి. నేను స్కేలు పెట్టి గీతలు సరిచేసి, తేదీలన్నీ ఒకే తీరులో రాసుకుంటూ వచ్చాను.

మా పుట్టిల్లు సుగటూరు. అక్కడ కుక్కలు కళ్ళంలో పడుకుంటాయి, ముద్ద మిగిలితే తింటాయి. కుక్కకు కార్డు ఉందని ఫోన్లో చెబితే మా నాన్న చాలాసేపు నవ్వాడు. "మేము రేషన్ కార్డుకే మూడేండ్లు తిరిగితిమి, మీ కుక్కకి అప్పుడే వచ్చేసిందా" అన్నాడు.

మేముండేది బంగారు గనుల పక్కనున్న కోరమండల్‌లో, గని కార్మికుల కోసం కట్టిన పాత లైను ఇంట్లో. మామగారు గని మూతపడేదాకా భూమి కిందే పనిచేశారు. అత్తగారు చనిపోయిన ఏడాది ఆయన ఈ కుక్కను కూనగా ఉన్నప్పుడు చొక్కాలో పెట్టుకుని తెచ్చారట. మాతో ఆయన మాట్లాడేది తక్కువ. దానితో మాత్రం పొద్దున నీళ్ళు రాలేదని, సాంబారులో ఉప్పు ఎక్కువైందని అన్నీ చెప్పుకుంటారు.

కార్డులో నిలువుగా నాలుగు గళ్ళు. తేదీ, టీకా, డీవార్మింగ్, హార్ట్‌వర్మ్. మందుల షాపతను కన్నడంలో హుళద మాత్రె అని ఇచ్చేవాడు. ఇంట్లో మేము పురుగు మాత్ర అనేవాళ్ళం. మూడు నెలలకోసారి దాన్ని బెల్లంలో పొదిగి కుక్కకు తినిపించి, కార్డు తీసి, మూడో గడిలో ఒక రైటు, నాలుగో గడిలో ఒక రైటు కొట్టేదాన్ని. రెండు గళ్ళలోనూ ఉన్నది పురుగే కదా అనుకున్నాను. ఖాళీ గడి ఉంటే నాకు నిమ్మళంగా ఉండదు. నేను బీఎస్సీ చదివాను. ప్రాక్టికల్ రికార్డులో ఏలికపాము బొమ్మను పెన్సిలుతో గీసి, బాగుందని లెక్చరర్ చేత అనిపించుకున్నదాన్ని. గుండెలో ఉండే పురుగు వేరు, పేగులో ఉండే పురుగు వేరు అని ఒక్కసారి కూడా తట్టలేదు.

మామగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ కార్డును టీ కొట్టుకు తీసుకెళ్ళి చూపించేవారు, కోడలు ప్రింటు మాదిరి రాసిందని.

పోయిన వానల్లో కుక్క దగ్గడం మొదలుపెట్టింది. మామగారికి గని దగ్గు ఉంది. పళ్ళు తోముకునేటప్పుడు మొదలై కాఫీ తాగేదాకా ఆగదు. ఆయన దగ్గి ఆపగానే మెట్టు మీద పడుకున్న కుక్క దగ్గేది. మొదట కనిపెట్టింది మూడేళ్ళ మా పాప. తాత దగ్గు దానికి వచ్చేసిందని చప్పట్లు కొట్టింది. మేమందరం నవ్వాం. పక్కింటి ఆంటీ చర్చికి వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఏమన్నా, దానికి మీ భాష నేర్పిస్తా ఉండావా?" అని అడిగింది. మా ఆయన వీడియో తీసి, తను పనిచేసే వేమగల్ ఫ్యాక్టరీలో స్నేహితులకు పంపాడు. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. తుడిచెయ్యలేను, చూడలేను.

నడక కూడా అంతే. టీ కొట్టుకు వెళ్ళే దారిలో మామగారు మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటారు. ఇదివరకు కుక్క ముందుకు ఉరికి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఉరికేది. వానల తరువాత ఆయనతో పాటే ఆగి నిలబడడం మొదలుపెట్టింది. మామగారు దాన్ని అందరికీ చెప్పుకున్నారు. "నా కోసరం నిలుస్తాది. నా పెండ్లాం కూడా ఇట్ల నిలిచింది లేదు" అని. అది నిలబడింది దానికే ఊపిరి ఆడక అని మాకెవరికీ తెలియలేదు.

నేను దిగులు మనిషిని. పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తీస్తాను. కానీ కుక్క గురించి దిగులు పడలేదు. కార్డులో గళ్ళన్నీ నిండి ఉన్నాయి మరి.

దగ్గు తగ్గకపోయేసరికి ఒక రోజు పాపను ఒళ్ళో, కుక్కను కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆటోలో క్లినిక్కుకు వెళ్ళాను. డాక్టరు నా వయసు అమ్మాయి. గొంతు చూసింది, చెవి చూసింది. హార్ట్‌వర్మ్ మాత్ర ఇస్తున్నారా అని కన్నడంలో అడిగింది. "ఇస్తున్నాము మేడమ్, అంతా రాసి పెట్టినాను" అని కార్డు చాపాను. ఆమె రైటు గుర్తుల మీద పైనుంచి కిందికి వేలు జరిపింది. అయితే అది కాదులే, ఈ వైపు అది ఎక్కువగా కనిపించదు కూడా అని గొంతుకు సిరప్ రాసింది. ఇంత చక్కగా కార్డు పెట్టుకునేవాళ్ళను చూడలేదని కూడా అంది. ఆ మాటను నేను ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాను.

రెండు నెలలకు కుక్క పక్కటెముకలు తేలాయి. పొట్ట మాత్రం ఉబ్బింది. కడుపుతో ఉందేమో అంది పక్కింటి ఆంటీ. పిల్లలు కాకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, అది కూడా కార్డులో రాసి ఉంది. మళ్ళీ క్లినిక్కుకు వెళ్ళాను. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఏ మాత్ర ఇస్తున్నారో చూపించమంది. నా బ్యాగులో చింపిన షీటు ఒకటి ఉంది. దాన్ని వెనక్కి తిప్పి చదివింది. కార్డు చూసింది. మళ్ళీ షీటు చూసింది. ఇది పేగుల్లో పురుగులకు, ఆ నాలుగో గడిలోది నెలనెలా ఇవ్వాల్సిన వేరే మాత్ర, అది ఎక్కడ అని అడిగింది. ఇంట్లో ఉన్నది ఇదొక్కటే అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. కార్డు మూసి నా వైపు జరిపింది, అంతే.

ముందు కాలి నుంచి రక్తం తీసి చిన్న ప్లాస్టిక్ పలక మీద చుక్కలు వేసింది. ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే ఉంది. పాప కడుపులో పడినప్పుడు ఇలాంటి పలకనే చేతిలో పట్టుకుని రెండో గీత రావాలని మొక్కుకున్నాను. ఈసారి రాకూడదని మొక్కుకున్నాను. మొదటి గీత కంటే రెండోదే ముదురుగా వచ్చింది.

దోమ కుట్టినప్పుడు కంటికి కనపడనంత పురుగు లోపలికి పోతుందట. ఆరేడు నెలల్లో గుండె దగ్గర, ఊపిరితిత్తులకు వెళ్ళే నాళాల్లో పెరిగి పొడవవుతుందట. డాక్టరు ఫోన్లో ఫోటో చూపించింది. కోసిన గుండెలో ఉడికించిన సేమియా లాగా ఉన్నాయి. ఆ తరువాత నేను ఇంట్లో సేమియా చేయలేదు. ముందే పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాక నెలకో మాత్ర ఇస్తూ ఉంటే సరిపోయేదట. ఇప్పుడు పెద్ద పురుగులను చంపే సూది ఇక్కడ దొరకదు. దొరికినా ఈ స్థితిలో చచ్చిన పురుగులే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ప్రాణం తీస్తాయంది. పొట్టలో నీరు తగ్గడానికి ఒక మాత్ర, ఇంకో రెండు మాత్రలు, నడిపించకుండా ఉంచడం. మిగిలింది అంతే. పాపకు వస్తుందా అని అడిగాను. కుక్క నుంచి రాదు, భయపడొద్దంది. అయినా పాప మధ్యాహ్నం నిద్రపోతుంటే ఎదమీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఇంటికి రాగానే మామగారికి చెప్పాను. ఆటోలోనే మాటలు కూర్చుకున్నాను. చెప్పకపోతే ఆ తరువాత ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. ఆయన మెట్టు మీద కూర్చుని కుక్క మెడ నిమురుతున్నారు.

"మామా, తప్పు నాది. మాత్ర ఇయ్యకుండా రైటు కొట్టినాను."

"ఇచ్చినావు కదమ్మా. బెల్లంలో పెట్టి ఇచ్చినావు. నేను సూసినాను."

"అది వేరే పురుగుకి మామా. దీనికి వేరే మాత్ర ఉండాది."

"ఒక పురుగు సచ్చి ఇంగో పురుగు సావకుండా ఉంటాదా?" అన్నారు. ఆ తరువాత ఇంటి వెనక మురికి కాలవ వైపు చూశారు. "దీన్ని ఆ కాలవ పక్కన పండబెట్టింది నేను. దోమలు యాడికి పోతాయి? నువ్వు తప్పు రాస్తావా అమ్మా?"

మళ్ళీ చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపేశారు. ఆయనకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. నా తప్పును ఆయన తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఇక నేను దాన్ని వెనక్కి తెచ్చుకోలేను. షిఫ్టు దిగి వచ్చాక మా ఆయన కూడా, దోమ వల్లే అని ఆయన్ని అనుకోనీ, అదీ నిజమే కదా అన్నాడు.

మా లైనులో ఇంకా మూడు కుక్కలున్నాయి. మూడిళ్ళకూ వెళ్ళి చెప్పాను. పరీక్ష చేయించండి, ఆ తరువాత నెలనెలా మాత్ర అని. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. పురుగు మాత్ర ఇస్తూనే ఉన్నామన్నారు.

అప్పటినుంచి మామగారు దోమబత్తి పెట్టెలు తెస్తున్నారు. సాయంత్రం కాగానే కుక్క తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి వెలిగించి, మధ్యలో ఆయన కూర్చుంటారు. ఆ పొగ ఆయన ఊపిరితిత్తులకు ఎంత చెడ్డదో నాకు తెలుసు. దోమ చేయాల్సింది ఎప్పుడో చేసిపోయిందని కూడా తెలుసు. ఒకసారి చెప్పి చూశాను. వినలేదు. పొగలో ఆయన దగ్గుతారు, తరువాత అది దగ్గుతుంది. పాప ఇప్పుడు చప్పట్లు కొట్టడం లేదు.

మాత్ర మింగించాక, అది గొంతు దిగేదాకా చూసి, కార్డులో రైటు కొడతాను. నిన్న మామగారు కార్డు నా ముందు పెట్టి, వేలితో అంచు చూపించారు.

"దోమబత్తి కూడా రాయమ్మా."

దానికి గడి లేదు. స్కేలు తెచ్చి నాలుగో గడి పక్కన ఇంకొకటి గీశాను. పేజీ చివరిదాకా గీశాను. అన్ని వరుసలు అవసరం పడవని డాక్టరు నాతో చెప్పింది, ఆయనతో చెప్పలేదు. ఆయన చూస్తూ ఉండగా ఆ కొత్త గడిలో మొదటి రైటు కొట్టాను.