అవ్వ గొంతున్న మెమరీ కార్డు

డిప్లొమా చదివే వయసులో మనకు తెలియనిదంటూ ఏమీ ఉండదు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఏమీ తెలియదు. నేనూ అలా విర్రవీగే రోజుల్లోనే, మా తిరుమణి సోలార్ ప్లాంటులో ఉద్యోగం కొట్టాలని ఒక బుల్లి కంప్యూటర్ కొన్నాను. అరచేతిలో పట్టే పచ్చటి బోర్డు, అంతే. టీవీకి తగిలించి కరెంటిస్తే ఎర్ర లైటు వెలిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. (దానికి మెమరీ కార్డు వేరే ఉండాలట!) కార్డు కోసం మళ్లీ పావగడ దాకా ఎవరు పోతారు? తాత మంచం మీద పెట్టిన ఫోన్లోంచి కార్డు ఊడబీకి, నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. "ఉన్నదంతా చెరిపేయాలా?" అని అడిగింది. సరిగా చదవనైనా చదవకుండా సరే అన్నాను. బోర్డుకు కావాల్సింది అందులో ఎక్కించి, కార్డును బోర్డులో దూర్చాక కాసేపటికి టీవీలో బొమ్మ వచ్చింది. ఇల్లెగిరిపోయేలా అరిచాను.

సాయంత్రం తాత పొలం నుంచే కేకేశాడు. "పాపా, మీ అవ్వ పలకడంల్యా, చూడు!"

పోయిన మా అవ్వ గొర్రెలను పిలిచే పిలుపు ఆ కార్డులోనే ఉంది. ఆమె బతికుండగా రికార్డు చేసిందీ నేనే, పాపిష్టిదాన్ని! తాత రోజూ అది వినిపిస్తేనే సోలార్ ప్లేట్ల కింద మేసే గొర్రెలు ఇంటిదారి పట్టేవి. పరుగెత్తిపోయి, అవ్వలాగే గొంతు సాగదీసి పిలిచాను. గొర్రెలు తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. చెప్పులు తెగేదాకా వాటి వెంట పరుగెత్తాను.

"అవ్వ యాడికి పోయింది పాపా?" అన్నాడు తాత ఇంటికొచ్చాక.

"ఈ బోర్డులో ఉండాది తాతా." (కార్డు అందులోనే ఉంది కదా, పూర్తిగా అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.)

"ఉండనీలే. ఆడ టీవీ గూడా ఉండాది, దానికి పొద్దుపోతాది" అన్నాడు. ఆయుధపూజనాడు బైకుతో పాటు ఆ బోర్డుకూ కుంకుమ పెట్టాడు.

రెండేళ్లకు తాత మంచాన పడ్డాడు. ఒకరోజు, "మీ అవ్వను ఒక్కసారి పలకమను పాపా" అన్నాడు. నేను పక్కగదిలోకి పోయి, బోర్డు ఆన్ చేసినట్టు నటించి, అవ్వలాగే పిలిచాను. తిరిగొచ్చేసరికి తాత నవ్వుతున్నాడు.

"ఆ పొద్దు గొర్రెలే నమ్మలేదు, నేనెట్ల నమ్ముతా పాపా? అయినా బాగా పిలిచినావు. ఇంకోసారి పిలువు."

ఇప్పుడు ఆ ప్లాంటులోనే పనిచేస్తున్నాను. కంప్యూటర్ ఏదైనా చెరిపేయాలా అని అడిగితే రెండుసార్లు చదువుతాను. ఆ రోజు తాత ఫోన్ ముట్టుకోకముందు ఆయన్నొక మాట అడిగుంటే ఎంత బాగుండేది!