పలక ‘కలప’ అయిన రోజులు

మోండా మార్కెట్ నుంచి మా మనవరాలు కూరగాయలతో పాటు తన కొడుక్కి బలపాలు తెచ్చింది. ఒకటి తీసి వాసన చూశాను. తడి పలక ఆరేటప్పటి ఆ మట్టివాసనకు, రాంగోపాల్‌పేట్ ఇంటి అరుగు మీద చిన్నపిల్లాడిలా బాసింపట్టు వేసుకుని కూర్చున్న మా నాయన గుర్తొచ్చారు.

నాయన లెక్కల మాస్టరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివిందీ, చదువు చెప్పిందీ ఉర్దూలోనే. జామపళ్ల బేరంతో భాగహారం, టాంగా గుర్రం అలకతో త్రైరాశికం చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర మూగేవారట. పోలీస్ యాక్షన్ అయిపోయి, రజాకార్ల భయం తీరి, జనం మళ్లీ తలుపులు బార్లా తెరుచుకుని, వాకిళ్ల నిండా తంగేడు, గునుగు పూలు పోసుకుని, ఇంటింటా సత్తుపిండి ముద్దలు చేసుకుంటున్న ఆ బతుకమ్మ రోజుల్లోనే బడి నుంచి కబురొచ్చింది. ఇకమీదట పాఠాలు తెలుగులో చెప్పాలి, ఎండాకాలం సెలవుల్లోగా రాయడం రాకపోతే నౌకరీ ఉండదు.

మిషన్ బడిలో తెలుగు చదువుతున్న నేనే, అచ్చనగాయలు పక్కకు నెట్టి ఆయనకు ఓనమాలు దిద్దించాను. అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి, చెయ్యే మాట వినలేదు. ఉర్దూ అలవాటుకొద్దీ పలక కుడి అంచు నుంచి మొదలుపెట్టేవారు. ‘పలక’ రాయమంటే ‘కలప’ అయ్యేది.

“గింత కలప రాసిన్రు, పొయ్యిలకు ఒక్క కట్టె సుత లేదు,” అని అమ్మ వంటింట్లోంచి ఎకసెక్కం.

“నాయనా, గిటు నుంచి షురూ చెయ్యాలె,” అంటే, “జెర ఆగు బిడ్డా, చెయ్యి ఇంకా గటే పోతున్నది,” అనేవారు అలిసిన గొంతుతో.

చివరికి నేర్చుకున్నారు, నౌకరీ నిలిచింది. కానీ ఇంటి తెలుగు బడికి పనికిరాదని పైవాళ్లు అన్నారు, పుస్తకాల తెలుగుకు ఆయన నోరు తిరగలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి వచ్చేసేవారు. టాంగా గుర్రం మళ్లీ అలగలేదు, కిటికీల దగ్గరికి ఎవరూ రాలేదు. కొత్తది నేర్చుకోమనడం అందరికీ తేలికే. ఉన్నది చెరుపుకోవడానికి మనిషికి ఎంత ఓపిక కావాలో అడిగినవారు లేరు.

ఆ అరుగు లేదు, ఆ పలకా లేదు. ఇప్పుడు సైనిక్‌పురిలో మనవరాలి ఇంట్లో నాకు ఫోను పాఠాలు. వేలు ఎటు జరిపినా తప్పే.

“అటు కాదు అమ్మమ్మా, లెఫ్ట్‌కి స్వైప్ చెయ్యి!”

“జెర ఆగు బిడ్డా,” అన్నాను. మాట నాదే, గొంతు మాత్రం నాయనది.