కాలువలో ముంచిన కొత్తిమీర

దాళ్వా వరి, అదే రెండో పంట, కోతలయ్యి కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజులు. ధాన్యం బస్తా ఎత్తబోయిన మా ఆయన దాన్ని వదిలేసి గట్టు మీద కూలబడ్డారు. బస్తా వదిలే మనిషి కాదు. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

ఊళ్ళో ఆర్ఎంపీ ఎండదెబ్బ అన్నాడు. ఇంజెక్షన్ చేస్తే జ్వరం దిగేది, సాయంత్రానికి మళ్ళీ ఎక్కేది. మళ్ళీ ఇంజెక్షన్. అలా రోజులు పోయాయి. కడుపు బిర్రుగా ఉబ్బి ఆయన మంచంలో ముడుచుకుపోతే అప్పుడు ఆటోలో రాజమండ్రి తీసుకెళ్ళాం.

బ్లడ్ కల్చర్, స్కానింగ్ అన్నారు. టైఫాయిడ్. పేగుకి పెర్ఫరేషన్ అయింది, అంటే చిల్లు పడింది, వెంటనే ఆపరేషన్ అన్నారు. ఐసీయూ బయట కూర్చున్న నాకూ వణుకు మొదలైంది. రక్తం తీస్తే నాదీ అదే జబ్బు.

"ఇంట్లో పచ్చివి ఏం తింటారమ్మా?" అని డాక్టరమ్మ గారు అడిగారు.

కొత్తిమీర పచ్చడి అన్నాను. వేసవంతా పెరుగన్నంలోకి అదే. రోట్లో పచ్చిదే నూరాలి, పొయ్యి మీద పెడితే ఆయన ముద్ద ముట్టరు. కుళాయి నీళ్ళతో కడిగే నూరేదాన్ని.

"కడిగినా అంతా పోదమ్మా. పొలంలో వేసిన పచ్చి పేడ కావచ్చు, మురుగు కలిసిన నీళ్ళు కావచ్చు, కోసినవాళ్ళ చేతులు కావచ్చు. అసలు ఆకుకూర వల్లే అని కూడా గట్టిగా చెప్పలేం" అన్నారు.

కావచ్చు, కావచ్చు. లోపల మనిషి పోతుంటే నాకు దొరికింది ఆ మాటే.

ఆపరేషన్ తర్వాత ఆయనకి తెలివి రాలేదు. నా చేతికి సెలైన్ ఉండగానే తీసుకెళ్ళి ఆఖరి చూపు చూపించారు.

ఆయన పెద్దకార్యం రోజున, సంతలో ఆకుకూరలమ్మే సత్తిబాబు, నాకు మరిది వరస, వంటలోకి కట్టలు తెచ్చాడు. మాకెప్పుడూ కొత్తిమీర ఇచ్చేది అతనే. కట్టలు నీళ్ళోడుతున్నాయి. అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు, నేను దుప్పటి కప్పుకుని అరుగు మీద ఉన్నాను.

"ఏ నీళ్ళల్లో ముంచావు, సత్తిబాబూ?"

"ఎప్పుడూ ముంచేదే కదా వదినా, కాలువలోనే. వాడిపోతే ఎవరు కొంటారు?"

"కాలువ కట్టేశారు కదయ్యా."

"వంతెన కింద మడుగుంది కదా."

ఆ మడుగు నాకు తెలుసు. పారే నీళ్ళు ఆగాక అందులోకి దిగేది ఊరి మురుగే, మరుగుదొడ్ల పైపులతో సహా. గేదెలు పడుకునేదీ అందులోనే.

"ఊరంతా తింటున్నారు వదినా, మీకే ఎందుకొచ్చిందో" అన్నాడు. దెప్పడానికి కాదు, నిజంగానే అన్నాడు. లేచి ఆ కట్టలన్నీ పెంటలో పారేశాను. మొగుడు పోయి మతి పోయిందన్నారు చుట్టాలు.

తర్వాత నాకు జ్వరం తిరగబెట్టింది. రిలాప్స్ అన్నారు, మందు మార్చారు. జుట్టంతా ఊడిపోయింది. ఇక నీకు జుట్టెందుకులే అని ఒకావిడ ఓదార్చింది కూడా.

ఇప్పుడు అన్నం అరుగుతోంది. ఒక్కదానికే వండుకుంటున్నాను. మడుగు నీళ్ళు పరీక్ష చేయించండి బాబూ అని పంచాయతీలో అడిగితే, కాలువలు వదిలాక చూద్దాం అన్నారు. వదిలారు, మడుగు కొట్టుకుపోయింది, ఇంకేం చూస్తారు? సంతలో ముందు అమ్ముడయ్యేవి ఇప్పటికీ సత్తిబాబు కట్టలే. తడిగా మెరుస్తాయి కదా.

నేను చెప్పేది ఒకటే అండి. ఆకుకూర పచ్చిగా తినకండి, కాలువలు కట్టేసిన రోజుల్లో అసలే వద్దు. కట్ట విప్పి, మంచినీళ్ళతో రెమ్మ రెమ్మా కడిగి, పొయ్యి మీద బాగా మగ్గనిచ్చి తినండి. రుచి తగ్గుతుంది. మా ఆయనైతే కంచం తోసేసేవారు. మీ వాళ్ళనీ తోసెయ్యనివ్వండి.