మారక్క కట్టిన పన్ను

2025 జూలై. హిందూపురం బజారులో ఒక మేడ మీద నా టాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. రిటర్నుల కాలం, అంటే ఏడాది ఆదాయం, దాని మీద పన్ను ఎంతో ప్రభుత్వానికి చెప్పుకునే రోజులు. ఆ నెలల్లో కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం అరవై ఏళ్లు దాటిన ఒకామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పేరు మారక్క. గుడిబండ దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకుంటుందట.

"నేనూ టాక్సు కట్టల్లప్పా. ఎంతయితాది?"

ఇరవై ఏళ్లుగా పన్ను ఎలా తగ్గుతుందని అడిగినవాళ్లనే చూశాను గాని, కట్టించుకోమని వచ్చిన మనిషిని చూడలేదు. నాలుగు ప్రశ్నలు వేసి, "నీకు టాక్స్ రాదులే అవ్వా, నిమ్మళంగా ఇంటికి పో" అన్నాను. మంచి మాటే చెప్పాననుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

కాసేపటికి విషయం చెప్పింది. ఊళ్లో ఒక పెద్ద రైతు నలుగురిలో, "మేము కట్టే టాక్సుతో మీరు ఊరికే బియ్యం తింటాండారు" అన్నాడట. అప్పటినుంచి రెండు నెలలుగా ఆమె రేషన్ బియ్యం ముట్టలేదు. గొర్రెపిల్లను అమ్మి అంగడిలో బియ్యం కొంటోంది. ఇలాగే వదిలేస్తే కార్డు కూడా ఆగిపోవచ్చు.

"టాక్సు కట్టకుండా ఆ బియ్యం నోట్లోకి ఎట్ల పోతాదప్పా?"

నాకు నిజంగా సిగ్గేసింది. పన్నంటే ఇన్‌కమ్ టాక్స్ ఒక్కటే అన్నట్టు మాట్లాడాను. నా వృత్తిలో చేయకూడని తప్పు అది.

"ఫోనుకు నెలనెలా ఎంత వేయిస్తావవ్వా?"

"మున్నూరు. రూపాయి తక్కువ."

"దాంట్లో నలభై అయిదు రూపాయలకు పైగా పన్నే. జీఎస్టీ అంటారు. సగం ఢిల్లీకి, సగం మన రాష్ట్రానికి పోతుంది. నువ్వు కొనే సబ్బులో ఉంది, తలకు పెట్టుకునే నూనెలో ఉంది. నువ్వు అంగడిలో ఇస్తావు, అంగడివాళ్లు ప్రభుత్వానికి కడతారు."

ఆమె ఫోనును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇన్నేండ్ల నుంచి కడతాండానా?"

"కడుతున్నావు. రోడ్లకూ, సైన్యానికీ, నీ బియ్యానికీ పన్నులన్నీ కలిసిన ఒకే మూటలోంచే ఖర్చు పెడతారు. చాలకపోతే అప్పు చేస్తారు."

"గవర్మెంటు గూడా అప్పు చేస్తాదా?"

"ఏటేటా. వడ్డీకే బోలెడు పోతుంది."

"అయితే మా మాదిరే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నా విసుగు ఎగిరిపోయింది.

పోబోతూ గుమ్మంలో ఆగి అడిగింది: "మరి ఆయప్ప సేద్యానికి టాక్సు ఎంత కడతాడు?"

ఆ రైతెవరో నాకు తెలియదు. చట్టం మాత్రం తెలుసు. "సేద్యం ఆదాయానికి ఇన్‌కమ్ టాక్స్ లేదవ్వా. వేరే రాబడి లేకపోతే ఆయనదీ నీ మాదిరి సబ్బు పన్నే."

ఆమె మళ్లీ వచ్చి కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. బయట కూర్చున్న క్లయింట్లు తొంగి చూశారు.

మరుసటి నెల మొదటి వారంలో ఫోన్ చేసింది. వెనక జనం గోల.

"అప్పా, నేను మారక్కను. రేషన్ అంగడికాడ ఉండా, బియ్యం తీసుకుంటి. ఆ రైతు గూడా సంచి పట్టుకోని ఈడికే వచ్చినాడు. వానికీ కార్డు ఉండాది."

"ఏమన్నావవ్వా?"

"ఏమంటా? లైనులో సందు చూసి ముందుకు దూరబోతే, నా ఎనక నిలబడప్పా అంటి. అంతే."

ఇప్పుడు మేడెక్కి ఎవరొచ్చి పన్ను కట్టాలా అని అడిగినా, అక్కర్లేదు అని మాత్రం అనను. "కడుతూనే ఉన్నారు, కూర్చోండి. ఇంకేమైనా ఉందేమో చూద్దాం" అంటాను.