టిఫిన్‌కీ భోజనానికీ మధ్య వచ్చిన అక్క

"ఆదివారం పదింటికొస్తా. అమ్మ పెట్టె తీసుకుని పదిన్నరకల్లా వెళ్ళిపోతా. నాకోసం ఏమీ చెయ్యొద్దమ్మా, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు," అని మా అక్క ఫోన్‌లో చెప్పింది. చెప్పింది నాతో కాదు, మా ఆవిడతో. నాతో మాట్లాడి అప్పటికి రెండేళ్ళు దాటింది.

పదిగంటల వేళ ఎంచుకోవడంలోనే మా అక్క తెలివంతా ఉంది. ఎనిమిదింటికి వచ్చిన మనిషికి ఇడ్లీ పెట్టవచ్చు. ఒంటిగంటకు వచ్చిన మనిషిని భోంచేసి వెళ్ళమని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టవచ్చు. పదింటికి వచ్చిన మనిషిని ఏం చేస్తాం? టిఫిన్ అయిపోయిందంటుంది, అన్నానికి ఇంకా వేళ కాలేదంటుంది. రెండూ నిజమే. పామర్రులో చీరల కొట్టు నడుపుతూ ఇరవై ఏళ్ళుగా బేరాలాడిన మనిషి ఆవిడ. ఎదుటివాడికి సందు ఇవ్వదు.

మా వాళ్ళలో కోపం వస్తే కేకలు వెయ్యడం ఒక పద్ధతి. అది సాయంత్రానికి చల్లారిపోతుంది. కోపం తెప్పించినవాళ్ళ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టకపోవడం ఇంకో పద్ధతి. అది మొదలైతే ఏళ్ళు గడుస్తాయి. మళ్ళీ ఆ ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి తిన్నప్పుడే అది పోయినట్టు లెక్క. అమ్మ చీరలు కూతురికే చెందుతాయి గనక, ఆ ట్రంకు పెట్టె జోలికి మేమెవ్వరం పోలేదు. ఇక ఆ పెట్టె కూడా వెళ్ళిపోతే బెజవాడ భవానీపురంలో మా గడప తొక్కడానికి అక్కకు వేరే పని ఉండదు. అంటే నాకున్నది ఆ అరగంటే. ఆ అరగంటలో ఆవిడ నా ఇంట్లో ఏదైనా తింటుందా, తినదా?

కోపానికి కారణం చెప్పకుండా ముందుకు వెళ్ళడం నా అలవాటే కానీ, ఇక్కడ చెప్పాలి.

నేను ఆటోనగర్లో లారీ సామాన్ల కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. జనం బేరింగు కోసం వస్తారు, కథ విని వెళతారు. గేరుబాక్సు లేని లారీని వెనకగాలి చూసుకుని బందరు కాలవ గట్టు మీద పామర్రు నుంచి బెజవాడ దాకా తోలానని చెప్పాను. కృష్ణ నిండుగా పారే రోజుల్లో ఒక బొచ్చె చేప మా మెట్లెక్కి వచ్చి, కింది వాటావాళ్ళు ఉన్నారా అని అడిగిందని చెప్పాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు. నమ్మనివాళ్ళు మర్నాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఎవరికీ నష్టం లేదు.

నష్టం ఒకే ఒకసారి జరిగింది. అమ్మ ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్క సాయంత్రం ఫోన్ చేసి, "ఎలా ఉందిరా? బయల్దేరి రానా?" అని అడిగింది. అమ్మకు బాగోలేదు. నేను మాత్రం, "ఎందుకక్కా! లేచి కూర్చుంది. పెసరట్టు కావాలని నర్సుతో పోట్లాడుతోంది. అల్లం వెయ్యలేదని రెండోసారి వెనక్కి పంపింది," అన్నాను. అక్క పకపకా నవ్వింది. కొట్లో పెళ్ళివాళ్ళ చీరలు కట్టాల్సి ఉంది, రేపు మధ్యాహ్నం వస్తానంది. అమ్మ తెల్లవారి ఏడింటికి పోయింది.

ఆ అల్లం ముక్క లేకపోతే అక్క నమ్మేది కాదు. అది నాకూ తెలుసు, అక్కకూ తెలుసు.

పదింటికి పెట్టగలిగే తిండి ఏదా అని నేను వారమంతా ఆలోచించాను. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి దారి చూపించింది. "దాన్ని బ్రంచ్ అంటారు నాన్నా, టిఫినూ కాదు, లంచూ కాదు," అని ఫోన్‌కి ఒక వీడియో పంపింది. ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్ అట. బ్రెడ్డు ముక్కల్ని గుడ్లూ పాలూ కలిపిన దాంట్లో ముందురోజు సాయంత్రమే నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున ఓవెన్‌లోకి తోస్తే దానంతటదే ఉడుకుతుంది. పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. నాకు కావలసిందీ అదే. నేను వంటింట్లో ఉండిపోతే ఆలోపు అక్క పెట్టె తీసుకుని ఆటో ఎక్కేస్తుంది.

"మీ అక్కకి బ్రెడ్డు పెడతారా? జ్వరమొచ్చిందనుకుంటుంది," అంది మా ఆవిడ.

"అనుకుంటే అనుకోనీ. కనీసం ఏంటని అడుగుతుందిగా."

బ్రెడ్డు ఒకరోజు పాతదైతే బాగా పీల్చుకుంటుందని వీడియోలో ఉంది. శనివారం సాయంత్రం మా వీధి చివరి బేకరీకి వెళ్ళి, "నిన్నటి బ్రెడ్డు ఉందా అండీ?" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "మా దగ్గర నిన్నటి సరుకుండదండీ. ఎవరు చెప్పారండీ మీకు?"

"నాకు నిన్నటిదే కావాలండీ."

"చేపలకాండీ?"

"చేపలకే," అన్నాను. ఒప్పించడానికి అంతకంటే దగ్గర దారి కనిపించలేదు. ఆయన అటూ ఇటూ చూసి బల్ల కింద నుంచి రెండు తీసిచ్చాడు. అవి మొన్నటివని తరవాత తెలిసింది.

ఇంటికొచ్చి ట్రేకి వెన్న రాశాను. బ్రెడ్డు ముక్కలు కోశాను. ఆరు గుడ్లు, అరలీటరు పైన పాలు, పంచదార, ఏలకుల పొడి గిన్నెలో వేసి గిలక్కొట్టాను. అక్కడిదాకా బాగానే జరిగింది. ఆ తరవాత నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మాది మగ్గాల ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ నూలు సిద్ధం చేసేది. నూలు కట్టల్ని, చిలపలంటాం వాటిని, అన్నం గంజిలో ముంచి, పిసికి, పిండి, మళ్ళీ ముంచేది. పిసక్కపోతే గంజి లోపలికి పట్టదు, మగ్గం మీద పోగు తెగుతుంది. పదేళ్ళప్పుడు నేనూ అక్కా అమ్మకు చెరో పక్క కూర్చుని ఆ పని చేసినవాళ్ళమే. ఆ సాయంత్రం నేనేం చేశానంటే, బ్రెడ్డు ముక్కలన్నిటినీ గిన్నెలో వేసి, ముంచి, పిసికి, పిండాను. నాలుగోసారి పిండేటప్పటికి చేతిలో ముక్కలు లేవు. గోడకి పోస్టర్లు అంటించే మైదా జిగురు లాంటిది మోచేతుల దాకా ఉంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "చీర ఎన్ని గజాలండీ?" అంది.

నవ్వాను గానీ, మళ్ళీ ఆ గిన్నె వైపు చూసేసరికి నవ్వు ఆగిపోయింది. అమ్మ పోయాక ఆ పని నా చేతులకు గుర్తురావడం అదే మొదటిసారి. నూలు పిండేటప్పుడు ఆవిడ మణికట్టు తిరిగే తీరు, గంజి వాసన, వేళ్ళ సందుల్లో ఎండి రాలే పొలుసులు. లేచి చేతులు కడుక్కున్నాను.

రెండో బ్రెడ్డుతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ముక్కల్ని ట్రేలో పేర్చి, పైనుంచి పాలూ గుడ్లూ పోసి, చేతులు వెనక్కి కట్టుకున్నాను. ముక్కలు వాటంతటవే పీల్చుకోవడం మొదలుపెట్టాయి. చుట్టూ ఉన్న పాలు మెల్లగా కిందికి దిగాయి. చెయ్యి పెట్టకుండా ఒక పని అవుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చాలా కష్టం. మాట పెట్టకుండా ఊరుకోవడం అంతకన్నా కష్టం. మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోశాను.

ఆదివారం తొమ్మిదింబావుకి ట్రేని ఓవెన్‌లో పెట్టాను. పదికి అయిదు నిమిషాలుండగా అక్క వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ చివర కూర్చుంది, లేవడానికి వీలుగా.

"ఏమ్మా, పెట్టె ఎక్కడుంది?"

"మంచం కిందుంది వదినగారూ. ఇప్పుడే తీయిస్తాను. కాస్త మంచినీళ్ళు..."

"వద్దమ్మా. బస్టాండులో తాగా."

నేను పెట్టె లాక్కొచ్చి ముందు పెట్టాను. అక్క నా వైపు చూడలేదు. తాళంచెవి రెండేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంది. తాళం తుప్పు పట్టి తిరగలేదు. నేను కొబ్బరినూనె తెచ్చి రెండు చుక్కలు వేశాను. అది నానేదాకా ఆగాలి. ఆ ఆగడంలో వంటింట్లోంచి వాసన వచ్చింది. వెన్నా ఏలకులూ కలిసి, పెళ్ళి వంటలవాళ్ళ పందిట్లోలాంటి వాసన.

"ఏంటమ్మా అది?" అని మా ఆవిణ్ణే అడిగింది.

"బ్రెడ్డు వదినగారూ. మీ తమ్ముడే చేశారు."

"నిన్న సాయంత్రం నానబెట్టానక్కా," అన్నాను. "పాలల్లో, గుడ్లల్లో. రాత్రంతా నానింది."

"రాత్రంతా నానితే బ్రెడ్డు మిగుల్తుందామ్మా? మీ ఆయన మళ్ళీ మొదలెట్టాడు చూడు."

"నిజం వదినగారూ, నేను చూశాను. మొదటిది నూలు పిండినట్టు పిండేసి పారేశారు."

అక్క పెదవి ఒక పక్కకి కదిలింది. అంతలోనే సర్దుకుంది. మా ఆవిడ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. పైన ఎర్రగా కాలి, మధ్యలో ఉబ్బి, మెల్లగా దిగుతోంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తాళం తిరిగింది. అక్క మూత ఎత్తింది. పైనే అమ్మ కట్టుకునే ముతక నేత చీర, నాన్న నేసింది. అక్క దాని మీద చెయ్యి ఉంచి, తల ఎత్తకుండా అడిగింది.

"ఒరేయ్. ఆ పొద్దున ఏం జరిగింది? అందరికీ చెప్పిన కథ నాకొద్దు. కృష్ణనీళ్ళు అడిగిందనీ, నవ్వుతూ పోయిందనీ పామర్రు దాకా వినపడింది. కోతలు కొయ్యకుండా చెప్పగలవా?"

రెండేళ్ళ తరవాత నాతో అన్న మొదటి మాట అది. కొట్లో ఎన్ని వందల కథలు చెప్పానో గానీ, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

"అయిదింటికి ఆయాసం ఎక్కువైంది. 'పెద్దది వచ్చిందా?' అంది. నీకప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. చేస్తే సాయంత్రం చెప్పింది అబద్ధమని తెలిసిపోతుంది. కాస్త తేరుకున్నాక చేద్దామనుకున్నా. 'బయల్దేరిందమ్మా' అన్నా. కాసేపాగి మళ్ళీ అడిగింది. 'ఉయ్యూరు వచ్చింది, చెరకు ట్రాక్టర్లు అడ్డమొచ్చాయి' అన్నా. మళ్ళీ అడిగింది. 'కంకిపాడు దాటింది' అన్నా. అట్లా తీసుకొచ్చానక్కా నిన్ను. నిదానంగా తోలాను, బస్సు ముందే వచ్చేస్తే ఏం చెప్పాలో తెలీక. పెనమలూరు దగ్గర ఉండగా కళ్ళు మూసింది. మళ్ళీ అడగలా. నర్సు వచ్చి చూసింది. అప్పుడు చేశా నీకు ఫోను."

మా ఆవిడకు కూడా ఇది తెలియదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

అక్క తిడుతుందనుకున్నాను. చేతిలో తాళం ఉంది, విసిరినా విసిరేది. తాళం పక్కన పెట్టి అడిగింది. "బస్సులో నాకు సీటు దొరికిందా?"

"దొరికింది. డ్రైవరు వెనక, కిటికీ పక్కన. నా అంతట నేను చెప్పలేదక్కా, అమ్మే అడిగింది. 'నిలబడి వస్తోందేమోరా, దానికి మోకాలి నొప్పి' అంది."

అక్క చీర మడతలోకి మొహం వంచింది. భుజాలు కదిలాయి. నేను దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళే హక్కు ఉందో లేదో తెలియలేదు.

తల ఎత్తాక ముక్కు తుడుచుకుని, "అమ్మ నమ్మిందంటావా?" అంది.

నా నాలుక మీదికి జవాబు వచ్చేసింది. 'నమ్మిందక్కా, నీ పేరు తలుచుకుంటూ నా చెయ్యి నొక్కింది.' చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందో, ఏ వేలికి నొప్పి పుట్టిందో కూడా చెప్పగలను. అక్క కూడా అదే వినాలనుకుంటోందని మొహంలో తెలుస్తోంది. కానీ నేను అబద్ధాలు మొదలుపెట్టింది అమ్మ దగ్గరే. మాటలు వచ్చిన ఏడాది నుంచీ ఆవిడకు నా సంగతి తెలుసు. ఆ పొద్దున నమ్మి అడిగిందో, నేను చెప్పడం ఆపకూడదని అడిగిందో, నాకు రెండేళ్ళుగా అంతు పట్టలేదు.

"తెలీదక్కా," అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నాన్న నేసిన చీర కొనడానికి వచ్చినవాళ్ళు గుడ్డని వెలుగుకి పెట్టి చూసినట్టు, చాలాసేపు చూసింది. తరవాత కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది.

"ప్లేటివ్వమ్మా," అంది మా ఆవిడతో. "వీణ్ణి క్షమించానని కాదు. పొద్దున్నే బయల్దేరా, ఏం తినలా. ఆకలేస్తోంది."

ట్రే చల్లారిపోయింది. ఒక మూలనుంచి ముక్క తీసుకుని, తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలేదేం లేదు, అంత మెత్తగా ఉంది. అయినా చాలాసేపు నమిలింది. ఎలా ఉందని మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పదకొండు దాటింది. రెండో ముక్క సగం తిని, మిగతా సగం ఏం చెయ్యాలా అన్నట్టు చూస్తుంటే, మా ఆవిడ టీ పెట్టడానికి లేచింది. అక్క వద్దనలేదు.