జమేదారు దాటేసిన ఇల్లు

బక్కమ్మకు రెండు గాడిదలు, ఒక కంచరగాడిద. గాడిదలు పాపం బుద్ధిమంతులు, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సిందంతా ఆ కంచరగాడిద గురించే. ఎప్పుడో ఫౌజు వేలంలో కొని తెచ్చిన పెనిమిటి దానికి ‘జమేదారు’ అని పేరు పెట్టాడు. ఆయన పోయి ఆరేళ్లయినా దాని జమేదారీ తగ్గలేదు. మూటలతో సహా వాగు మధ్యలో చతికిలబడేది. కొట్టం గడియ పళ్లతో తీసేది. “నీ తాడు దెగ! నీకన్న మా అత్తే నయం గదరా!” అని తిట్టి, మళ్లీ తన రొట్టెలో సగం దానికే పెట్టేది బక్కమ్మ.

పోచంపల్లి దగ్గరి ఆ ఊళ్లో పదకొండిళ్ల సాలెవాడ బట్టలు ఆమే ఉతికేది. అరవై రెండో ఏట ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. ఏ ఇంటి బట్టో తెలియడానికి నల్లజీడి రసంతో పెట్టిన గుర్తులు కనబడకుండా పోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్క ఊరి చాకలి గాలయ్య ముగ్గురు కొడుకులతో వచ్చి వాడను పట్టేస్తాడు. సాయంత్రం ఇంటింటా గిన్నెలో పడే అన్నం పోతుంది, ‘బక్కవ్వా’ అని పిలిచే గడప కూడా ఉండదు.

అందుకే ఏ ఇంటి బట్టలు ఆ ఇంటివిగా విడిగా ఉతికి, వాడ వరుసలోనే మూటలు పేర్చేది. ప్రతి గడప దగ్గరా కుడితో, రొట్టె ముక్కో దొరుకుతుంది గనక జమేదారు తనంతట తనే ఆగేది. అది ఆగినచోట ఆమె పై మూట దింపేది. ఏడాదిపాటు అట్లాగే నెట్టుకొచ్చింది.

మూడో ఇల్లు శారదమ్మది. ఒకనాడు ఎండబోసిన జొన్నల్లో మూతి పెట్టినందుకు ఆమె జమేదారును చీపురు తిరగేసి కొట్టింది. దానికి రోషం ఎక్కువ. మరునాడు ఆ గడప ముందు ఆగకుండా చక్కా పోయింది. శారదమ్మ మూట నాలుగో ఇంట దిగింది, అక్కణ్నుంచి ప్రతి మూటా ఒక ఇల్లు ముందుకు జరిగింది.

వాడ చివర బక్కమ్మ చేతిలో ఒక మూట మిగిలింది.

అంతలోనే వాడంతా గోల. మగ్గం మీంచి లేచొచ్చిన లక్ష్మీనర్సయ్య ఎవరిదో రవిక పట్టుకుని నిలబడ్డాడు. “గిదేంది బక్కవ్వా? నేను గిది తొడుక్కోవాల్నా?”

అందరూ నవ్వారు. బక్కమ్మ నవ్వలేదు. “కండ్లు కానొస్తలేవు బిడ్డా. ఏడాదాయె. దాసిపెట్టిన,” అంది. ఆమె మిగిలిన మూట అక్కడే పెట్టి, తాడు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నానికి కూడా రాలేదు.

తెల్లారి మొదటి ఇంటి ఆండాళు మాసిన బట్టల మూటతో తనే వచ్చింది. “మూలలు తడుము అవ్వా. మాది ఒక ముడి.”

బక్కమ్మ తడిమింది. ప్రతి బట్ట మూలకూ నూలు ముడి గట్టిగా కుట్టి ఉంది. నూలుకు ముడులేసి రంగులద్దే చేతులవి. ఉతికినా ఊడదు.

“శారదక్కది మూడు. రేపటికి పదకొండిండ్లోళ్లం కుట్టుకుంటం. గాలయ్య ఎందుకే మాకు?”

బక్కమ్మ ఆ మూటను ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చేసింది.

ఆ తర్వాతి పంపకానికి వెళ్తే, రెండో ఇల్లు దాటాక జమేదారు మళ్లీ ఒకచోట ఆగింది. దింపిన మూటలో ఆమె వేలికి మూడు ముడులు తగిలాయి. ఏడాదిగా నోట రాని మాట వాడంతా వినేటట్టు అడిగింది.

“ఇది ఎవరిల్లమ్మా?”

“నిర్మలమ్మ ఇల్లు అవ్వా. నాలుగోది!”

“ఎనకకు నడువురా జమేదారూ,” అంటూ బక్కమ్మ తాడు లాగింది.