మా కుండలోకి దిగిన ఈగలు

నా పెద్దకొడుకు పుట్టినప్పుడు వాడి నాలుక మీద పెట్టిన మొదటి తేనెచుక్క ఎవరిదో ఇప్పుడైనా చెప్పాలి. చెప్పాల్సిన మా అమ్మ నోరు విప్పకుండానే పోయింది. అబద్ధమాడినవాడు మాత్రం బతికినన్నాళ్లూ ఊరూరా చెప్పుకుని మరీ పోయాడు.

అవి నైజాం పాలన చివరి రోజులు. నా అత్తగారిల్లు త్రిపురారం. తొలికాన్పుకని సూర్యాపేటకూ మోతెకూ నడుమ ఉన్న పుట్టింటికి వచ్చాను. మా అమ్మది కోదాడ పక్కన చిలుకూరు. కాపురానికొచ్చి నేనంత కూతుర్ని కన్నా ఊళ్లో ఆమెకు పేరు లేదు, చిలుకూరామె అనే పిలిచేవారు. ఆమె మాటలో ఆ పక్క యాస కొంచెం దొర్లితే ఆడవాళ్లు మూతులు తిప్పేవారు. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే. గాలిలో పోయే తేనెటీగలను పిలిచి కుండలో కాపురం పెట్టించే విద్య.

పాతకుండ పక్కకు చిటికెనవేలు పట్టేంత బెజ్జం చేసేది. పాత తేనెపట్టు తాలూకు మైనం కాచి లోపలంతా పూసేది, దాని మీద తులసాకు నలిపి రుద్దేది. మూతికి మట్టిమూకుడు పెట్టి పేడతో మెత్తి, ఎండ తగలని గోడగూట్లో పెట్టేది. కొత్తకుండ వాసన వాటికి గిట్టదనేది. మొదట నాలుగైదు ఈగలొచ్చి బెజ్జంలో దూరి, లోపలంతా తిరిగి, బయటికొచ్చి మళ్లీ దూరేవి. పెళ్లిచూపులకొచ్చిన పెద్దల్లా అన్నీ తరచి చూసేవి. వాటికి నచ్చితే గుంపు మొత్తం కదిలి వస్తుంది.

కానీ దొర ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏం లాభం? చెట్టు మీది పట్టు దొరది, గుట్ట మీది పట్టు దొరది, మా గోడలోని కుండ కూడా దొరదే. గోడ ఉన్న నేల ఆయనదట! మా నాన్న వెట్టికి చెట్లెక్కి, ముఖం వాచేలా కుట్టించుకుని, తేనె కోసి గడీకి మోసేవాడు. వేళ్లకంటింది నాకినా దొంగతనమే. ఆ ఏడు ఊరంతా ఒక్కటై వెట్టికి ఎదురు తిరిగింది. దొర పెట్టేబేడా సర్దుకుని పట్నం పోయాడు. అమ్మ ఆ రోజే అటక మీది కుండ దించింది.

"ఇన్నేండ్లు వాళ్ల నోట్లె పోసినం బిడ్డా. ఇగ నీ కడుపున పుట్టేటోని నాలిక మీద పెట్టే తొలిసుక్క మన కుండలదే కావాలె. అడుక్కొచ్చింది నేను పెట్టను, దేవుడిచ్చినా పెట్టను" అంది నా పొట్ట మీద చెయ్యి వేసి.

దొర పోయాడు గానీ నైజాం తుపాకులవాళ్లు పోలేదు. లారీల్లో వచ్చి ఊళ్ల మీద పడుతున్నారు, ఇళ్లు తగలబెడుతున్నారు. అందుకని ఊరు ఒక కట్టుబాటు చేసుకుంది. లారీ దుమ్ము ఎవరికి కనబడితే వాళ్లు చేతికందింది, డప్పైనా కంచమైనా, మోగించాలి. మోగిందా, కాళ్లకు బుద్ధి చెప్పి గుట్టల్లో పడాలి. ఈ భయానికి పెళ్లిళ్లలో కూడా డప్పు మానుకున్నారు.

మోదుగులు పూసిన రోజులు. కుండ చుట్టూ చూపులకొచ్చిన ఈగలు తిరుగుతున్నాయి. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది, నేను గడప మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఒక్కసారిగా ఆకాశం ఝుమ్మంది. గుంపు మా ఇంటి మీదికి వచ్చింది, కానీ దిగకుండా అవతలి వాడకేసి సాగింది. పోయే గుంపును దించాలంటే చిలుకూరులో చేసే పని ఒకటుంది. దుమ్ము చల్లాలి, కంచం మోగించాలి. వానా ఉరుమూ అనుకుని అవి దగ్గర్లో ఉన్న కొమ్మకు దిగుతాయని వాళ్ల నమ్మకం. అమ్మకు ఊరి కట్టుబాటు గుర్తుందో లేదో దేవుడికెరుక, చేతులకైతే పుట్టింటి అలవాటే గుర్తుంది. చేటలోని బియ్యం నేలపాలు చేసి, ఇత్తడి తాంబాళం అందుకుని గరిటెతో ఠంగుఠంగున బాదింది.

ఊరు లేచింది! అమ్మో, ఆ ఉరుకుడు నేనింకా మర్చిపోలేదు. పొయ్యి మీది కూడు పొయ్యి మీదే ఉంది. పసిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను రెక్క పట్టి ఈడ్చుకుంటూ అందరూ గుట్టల దారి పట్టారు. గొడ్లకొట్టంలో ఉన్న మా నాన్న కూడా వెనక్కి చూడకుండా లగెత్తాడు. నిండు చూలాలైన బిడ్డ గడప మీద ఉందన్న మాట కూడా ఆయనకు తోచలేదు.

"ఓయ్, ఉరుకకుండ్రి! ఈగల కోసమే కొట్టిన!" అని అమ్మ అరిచింది. ఎవరు వింటారు? చూస్తుండగానే ఊరు ఖాళీ అయింది. కోళ్లు, కుక్కలు, మేమిద్దరం మిగిలాం. గుంపు మాత్రం చెప్పినట్టు విని మా మునగకొమ్మకు దిగి గుత్తిగా వేలాడింది.

"ఇగ చేసేదేముంది, పట్టు గంప" అంది అమ్మ. నేను పొట్టతోనే వెళ్లి గంప పట్టుకున్నాను. వేపరెమ్మతో ఈగల మీద నీళ్లు చిలకరించి, కొమ్మను ఒక్క విదుపు విదిపింది. గుంపంతా గంపలో పడింది. తడిగుడ్డ కప్పి, పొద్దుగూకే ముందు కుండలోకి దించింది. ఒక్క ఈగ నన్ను కుట్టలేదు. ఆ రోజు మా అమ్మ ముఖంలో చూసిన వెలుగు నా పెళ్లిలో కూడా చూడలేదు.

ఈలోగా జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతలుండే పెద్దమనిషి అందరికంటే ముందు ఉరికాడట, తుమ్మకంపలో పడ్డాడట. వెట్టికి ఎదురు తిరిగిన రోజు మైదానంలో మీసం మెలేసి మాట్లాడింది ఆయనే. ఇప్పుడు ధోతి పీలికలై, వెనకంతా ముళ్లు గుచ్చుకుని వచ్చాడు. అమ్మ ఆపుకోలేక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మమ్మల్ని చూసి మిగతా ఆడవాళ్లూ నవ్వారు. అక్కడే మా కొంప మునిగింది.

ఆ సాయంత్రమే పంచాయతీ పెట్టాడు. పరుగులో ఒక ముసలమ్మ కాలు బెణికింది, ఒకరి నెయ్యికుండ పగిలింది. తప్పు కాదని మేమూ అనలేదు. అమ్మ వెళ్లి ముసలమ్మ కాలికి ఆముదం కాచి పట్టు వేస్తానంది, నెయ్యి తిరిగిస్తానంది. ఆయనకు అది చాల్లేదు.

"ఊరిని ఉరికిచ్చి పట్టిన ఈగలు ఊరియే అయితయి. తేనె నిండినంక ఊరుమ్మడిగ పంచుతం. అప్పటిదాంక చిలుకూరామె పైలంగ సూస్కోవాలె" అన్నాడు.

"గదేంది పెద్దయ్యా! గోడ ఉన్న నేల నాదని దొర అనె. ఉరికిన కాళ్లు మాయని మీరంటిరి. మరి మా కుండ మాదెప్పుడైతది?" అని అమ్మ నిలదీసింది.

అందరూ ఎవరి కండువా వాళ్లు దులుపుకుని లేచారు. మా నాన్న తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. బిడ్డను వదిలి ఉరికిన సంగతి బయటికొస్తుందని ఆయన భయం. నాకు ఆయన మీద పట్టిన కోపం చాలా ఏళ్లు పోలేదు.

అమ్మ ఆ కుండను కంటికి రెప్పలా చూసింది. చీమలు పట్టకుండా గూటి చుట్టూ బూడిద పోసేది, ఎండలు ముదిరాక గోడకు తడి గోనె కట్టేది. వేపపూత మీద ఈగలు బాగా ఆడాయి, కుండ బరువెక్కింది. నాకు నెలలు నిండాయి. అప్పుడొచ్చారు పెద్దమనిషీ, ఆయన కొడుకులూ.

"సగం పట్టే కొయ్యుండ్రి, పిల్లలున్న పట్టు ముట్టకుండ్రి. మళ్ల మళ్ల ఇస్తయి. నాకేమొద్దు, బిడ్డకు కాన్పైతే ఒక్క సుక్క, ఒక్క సెంచెడు ఇయ్యుండ్రి" అని అమ్మ బతిమాలింది.

"ఊరుమ్మడి సొమ్ము. తప్పు చేసినోళ్లకు పాలెట్లుంటది?" అన్నాడాయన.

గడ్డి మంట పెట్టి, కుండ పగలగొట్టి, పిల్లలతో సహా పట్టంతా కోసేశారు. బతికిన ఈగలు గూటి చుట్టూ కాసేపు తిరిగి ఎటో పోయాయి. చచ్చినవాటిని అమ్మ చీపురుతో ఎత్తింది. ఊరుమ్మడి పంపకం ఎలా జరిగిందంటే, ఇంటికి ఆకు మీద పూసినంత పెట్టి, మిగతాది భద్రంగా ఉంటుందని ఆయన ఇంట్లోనే దాచాడు. కంచే చేను మేస్తే కాదనేదెవరు?

తర్వాత కొద్ది రోజులకే నాకు కొడుకు పుట్టాడు. ఇంటి నిండా ఆడవాళ్లు. పెద్దమనిషి భార్య చిన్న గిన్నెలో తేనె తెచ్చింది.

"పసిగుడ్డుకు తొలిసుక్క లేకుంటెట్ల? మా ఇంట్ల ఉన్నదాంట్లె తెచ్చిన. తీస్కో చిలుకూరామె" అంది, నలుగురికీ వినబడేలా.

అమ్మ గిన్నెకేసి చూసింది. వాసన చూడగానే ఆమెకు తెలిసిపోయింది, తెలియకేం? విసిరికొడుతుందనుకున్నాను. కొట్టాలని నేను మనసులో ఎంత కోరుకున్నానో! వాడు ఏడుస్తున్నాడు. ఆమె వేలు ముంచి వాడి నాలుకకు అద్దింది. వాడు ఏడుపు మాని చప్పరించాడు.

"ఒక్క మంచిమాటన్న అనకపోతివి" అంది ఆవిడ నవ్వుతూ.

"మీ పున్నెం అమ్మా" అంది అమ్మ.

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. బాలింత ఏడవకూడదని అందరూ నన్నే మందలించారు.

అప్పట్నుంచి ఆ మాట ఆ ఇంటివాళ్లకు ఆస్తయింది. నలుగురు కూడితే చాలు, చిలుకూరామె మనుమడికి తొలితేనె మా చేతిదే అనేవారు. సొమ్మొకడిది, సోకొకడిది. దొర తీసుకున్నప్పుడు కనీసం తనే మాకు పెట్టినట్టు చెప్పుకోలేదు, కృతజ్ఞత అడగలేదు. వీళ్లు అదీ వసూలు చేశారు.

నా కొడుకు చదువుకుని ఉద్యోగంలో చేరాక సూర్యాపేటలో ఒక పెళ్లికి వెళ్లాం. అమ్మ కూడా వచ్చింది. పెద్దమనిషి ముసలివాడై కర్ర పట్టుకుని కూర్చున్నాడు. మా వాణ్ణి దగ్గరికి పిలిచి, "నీ నాలిక మీద తొలిసుక్క మా ఇంటిదేరా. గందుకే గింతటోడివైనవ్" అన్నాడు. వాడికేం తెలుసు? వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

నా ఒళ్లు భగ్గుమంది. "ఎవని తేనెరా" అని నోరు తెరిచేలోగా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊకో బిడ్డా. ఇప్పుడు చెప్తే, పోరడు మొక్కిన మొక్కు ఎనకకొస్తదా?" అంది.

ముసలాయన వాడి తల మీద చెయ్యి పెట్టి, చల్లగా బతకమని దీవిస్తున్నాడు.